తొడలో నొప్పి, ఆ తర్వాత నిలబడ్డచోటే విరిగిన ఎముక: ఏళ్ల తరబడి ఎముకల మాత్ర వాడుతున్నవాళ్ల సంగతి

తెనాలి_ఆడపడుచు

అందరికీ నమస్కారం. మా అమ్మ గురించి రాస్తున్నాను. వయసు 69. అమ్మానాన్న తెనాలిలో ఉంటారు, నేను బెంగళూరులో. పోయిన వారం అమ్మ సింకు దగ్గర గిన్నెలు కడుగుతూ, పక్క గట్టు మీదున్న పీచు అందుకోడానికి ఇటు తిరిగింది. అంతే. టప్పుమని శబ్దం, అమ్మ నేల మీద ఉంది. నాన్న ఎవరు పలకరించినా ఒకటే మాట చెబుతున్నారు: "పడి విరగలేదు, విరిగి పడింది."

గుంటూరు తీసుకెళ్లారు. కుడి తొడ ఎముక, తుంటి కీలుకి కాస్త కింద, అడ్డంగా రెండు ముక్కలైంది. ఆపరేషన్ చేసి రాడ్ వేశారు. ఎక్స్‌రే చూడగానే సర్జన్ గారు అడిగిన మొదటి ప్రశ్న, "ఈవిడ ఎముకల మాత్ర ఏదైనా వాడుతున్నారా? ఎన్నేళ్లుగా?" అని. వారానికొకటి అలెండ్రోనేట్ 70 మి.గ్రా., తొమ్మిదేళ్లు దాటింది. అప్పట్లో ఎముక ఎంత గట్టిగా ఉందో కొలిచే డెక్సా స్కాన్‌లో టి-స్కోరు మైనస్ 2.7 వచ్చింది, అంటే ఎముకలు గుల్లబారాయని మొదలుపెట్టారు. తర్వాత ఆపమని ఎవరూ అనలేదు, మళ్లీ స్కాన్ కూడా రాయలేదు. పాత చీటీ చూపిస్తే షాపులో ఇచ్చేసేవారు.

ఇంకొకటి. విరగడానికి కొన్ని నెలల ముందు నుంచీ అమ్మ కుడి తొడ ముందువైపు లాగుతోందనీ, గజ్జ దాకా నొప్పి ఉందనీ అంటూనే ఉంది. ఒక ఆసుపత్రిలో సయాటికా, అంటే నడుము దగ్గర నరం నొక్కుకుని కాలిలోకి దిగే నొప్పి అన్నారు. నడుముకి ఎమ్మారై తీశారు, ట్రాక్షన్ పెట్టారు, నొప్పి మాత్రలిచ్చారు. తొడకి ఒక్క ఎక్స్‌రే తీయలేదు. ఆ కోపం నాకింకా తగ్గలేదు.

ఇప్పుడు ఎడమ కాలి సంగతేమిటి? మాత్ర ఆపేస్తే ఎముకలు ఇంకా గుల్లబారిపోవా? ఇది అతుక్కోడానికి ఎంతకాలం పడుతుంది? తెలిసినవాళ్లు చెప్పండి.

గోదారి_గట్టు

అమ్మగారు త్వరగా లేచి తిరగాలి. మా పెద్దమ్మకీ రాజమండ్రిలో ఇదే జరిగింది, మెట్టు దిగుతుంటే. ఏడాది తిరక్కుండా రెండో కాలూ విరిగింది. మిమ్మల్ని భయపెట్టాలని కాదు గానీ, ఎడమ తొడకి ఈ వారంలోనే ఎక్స్‌రే తీయించండి. తుంటికి మాత్రమే తీస్తే చాలదు, మోకాలి దాకా మొత్తం తొడ రావాలి. అలా అని గట్టిగా అడగండి.

ఎముకల_డాక్టరు_వరంగల్

తెనాలి_ఆడపడుచు గారూ, నేను ఆర్థోపెడిక్ సర్జన్‌ని. మీ అమ్మగారి ఎక్స్‌రే నేను చూడలేదు కాబట్టి ఆవిడ విషయంలో తేల్చి చెప్పలేను. కానీ మీరు రాసిందంతా ఎటిపికల్ ఫీమర్ ఫ్రాక్చర్, అంటే మామూలు తీరుకి భిన్నంగా తొడ ఎముక విరగడం అనే దానికి అచ్చంగా సరిపోతోంది.

పెద్దవాళ్లు బాత్రూంలో జారిపడితే మామూలుగా విరిగేది తుంటి బంతి కిందుండే మెడ, లేదా ఆ కింద ఉబ్బుల మధ్య భాగం. ఇది అక్కడ రాదు. ఆ ఉబ్బుల కింద నుంచి మోకాలికి కొంచెం పైదాకా ఉండే పొడవాటి కాడలో వస్తుంది. ఇంట్లోవాళ్లు రెండింటినీ తుంటి విరిగిందనే చెప్పుకుంటారు. వీటిని గుర్తుపట్టే లక్షణాలను అమెరికన్ సొసైటీ ఫర్ బోన్ అండ్ మినరల్ రీసెర్చ్ నియమించిన నిపుణుల బృందం 2010లో రాసింది, 2014లో సవరించింది. దెబ్బ లేకుండానో, నిలబడ్డ ఎత్తు నుంచి పడినంత చిన్న దెబ్బకో విరగాలి. పగులు తొడ బయటివైపు మొదలై అడ్డంగా లోపలికి సాగాలి. ముక్కచెక్కలు కాకుండా విరగాలి. పగులు మొదలైన చోట బయటి గోడ మందమై ఉండాలి.

పూర్తిగా విరగకముందు తీసిన ఎక్స్‌రేలో నేను ముందు చూసేది ఆ బయటి గోడనే. తెల్లగా నున్నగా సాగిపోయే అంచు మీద ఒకచోట చిన్న బుడిపె, ఆ బుడిపె మధ్య నుంచి లోపలికి వెంట్రుకంత నల్ల గీత. అలవాటు లేని కన్ను దాన్ని దాటిపోతుంది. ఆ గీత ఉండి, నడిస్తే నొప్పి కూడా ఉందంటే ఆ ఎముక ఇవాళో రేపో అన్నట్టే లెక్క.

ఎందుకొస్తుందంటే, మన ఎముక నిత్యం పాతది తవ్వుకుంటూ కొత్తది కట్టుకుంటూ ఉంటుంది. నడిచిన ప్రతిసారీ తొడ బయటివైపు సాగుడు ఒత్తిడి పడుతుంది, కంటికి కనపడని పగుళ్లు పడుతుంటాయి. వాటిని తవ్వి తీసేసే కణాలు ఆస్టియోక్లాస్టులు. అలెండ్రోనేట్, రైసెడ్రోనేట్, ఐబాండ్రోనేట్, ఏడాదికోసారి ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్, ఇవన్నీ బిస్ఫాస్ఫొనేట్లు. ఇవి ఆ తవ్వే కణాలను అణుస్తాయి. రోడ్డు గుంత పూడ్చాలంటే ముందు చెడిపోయిన తారు తవ్వి తీయాలి కదా, తవ్వేవాళ్లను ఏళ్ల తరబడి సెలవు మీద పంపేస్తే గుంత అలాగే ఉండిపోతుంది. మొత్తం మీద ఎముక బరువు పెరుగుతుంది, స్కాన్ బాగుంటుంది. ఆ ఒక్క చోట పగులు మాత్రం మానదు.

నొప్పి విషయం మీరు చెప్పింది చాలా ముఖ్యం. ఇలాంటివాళ్లలో పదిమందికి ఏడుగురిదాకా విరగడానికి వారాలో నెలలో ముందే తొడలోనో గజ్జలోనో నొప్పి వస్తుంది. నాలుగో వంతు మందికి పైగా రెండో తొడలోనూ మార్పులు కనిపిస్తాయి. అందుకే ఎడమ తొడ ఎక్స్‌రే ఆలస్యం చేయకూడదు. అందులో ఏమీ కనపడకపోయినా నొప్పి ఉంటే ఎమ్మారై తీయించాలి.

అలెండ్రోనేట్ ఆపేయాలి. ఇప్పుడు వేరే బిస్ఫాస్ఫొనేటు గానీ, ఆ తవ్వే కణాలనే అణిచే డెనోసుమాబ్ ఇంజెక్షన్ గానీ వద్దు. కాల్షియం, విటమిన్ డి సరిపడా అందాలి. అతుక్కోవడం మామూలు ఫ్రాక్చర్ కంటే నెమ్మది. ఆరు నెలలు పట్టినా కంగారు పడకండి, కానీ ప్రతి చెకప్‌కీ వెళ్లండి.

ఫిజియో_కర్నూలు

డాక్టరు గారు చెప్పినదానికి నావైపు నుంచి ఒక మాట. సయాటికా అని చీటీ పట్టుకుని మా దగ్గరికి వచ్చే పెద్దవాళ్లలో అసలు నొప్పి ఎక్కడో వేలు పెట్టి చూపించమంటే తేడా తెలిసిపోతుంది. సయాటికా నొప్పి ఎక్కువగా పిరుదు నుంచి కాలి వెనకవైపు దిగుతుంది, తిమ్మిరో మంటో పాదం దాకా పోతుంది, వంగినా తుమ్మినా పెరుగుతుంది. ఈ నొప్పి అలా కాదు. తొడ ముందో పక్కనో అరచేయి వేసి చూపిస్తారు, "లోపల లాగుతోందమ్మా" అంటారు. కాలు మీద బరువు పడితే పెరుగుతుంది. పడుకుంటే తగ్గుతుంది. కుర్చీలోంచి లేచి వేసే మొదటి నాలుగడుగులు కుంటుతారు.

అలాంటివాళ్లను నేను మందుల సంచి తీయమంటాను. అందులో వారానికొకటి మాత్ర కనిపిస్తే ఆ రోజు వ్యాయామం ఏమీ చేయించను. చేతికి వాకర్ ఇచ్చి ఎక్స్‌రేకి పంపిస్తాను. ఒంటికాలి మీద నిలబెట్టి, గెంతించి చూసే పరీక్షలు వీళ్ల మీద అస్సలు చేయకూడదు. ఫిజియోలు ఎవరైనా చదువుతుంటే దయచేసి గుర్తుంచుకోండి.

పల్లె_వైద్యం

అందుకే నేను మొదటి నుంచీ చెప్తున్నా, ఈ ఇంగ్లీషు మందులు ఎముకని రాయిలా చేసి చివరికి విరిచేస్తాయి. మా అమ్మమ్మ 90 ఏళ్లు బతికింది, ఒక్క మాత్ర మింగలేదు. రాగి జావ, నువ్వులుండ, నెలకోసారి నల్లేరు పచ్చడి. ఇంట్లో ముసలివాళ్లకి ఈ మాత్రలు ఉంటే ఇవాళే బయట పారేయండి.

విశాఖ_కోడలు

పల్లె_వైద్యం గారూ, మీ ఉద్దేశం మంచిదే అయ్యుండొచ్చు, కానీ "పారేయండి" అనే మాట వాపసు తీసుకోండి. మా అత్తయ్య కథ చెప్తాను.

అత్తయ్యకి వెన్నుపూసలు అప్పటికే రెండు కుంగి ఉన్నాయి. నాలుగేళ్లు పొడుగు తగ్గుతూ, వంగిపోతూ వచ్చింది. డాక్టరు మాత్ర మొదలుపెట్టారు. కొన్ని నెలలకి ఎవరో ఫోన్‌లో ఒక వీడియో పంపారు, ఈ మాత్రలు వాడితే తొడ విరుగుతుందని. అత్తయ్య ఎవరికీ చెప్పకుండా ఆపేసింది. డబ్బా నిండుగా అలమరాలో దొరికింది, అప్పుడు గానీ మాకు తెలియలేదు. తర్వాతి ఏడు సంక్రాంతి ముందు గడప తగిలి పడింది. తుంటి మెడ దగ్గర విరిగింది, మీరంతా మామూలు ఫ్రాక్చర్ అంటున్నారే, అది. బాల్ మార్చారు. మంచం, పుండ్లు, న్యుమోనియా. ఏడాది కూడా బతకలేదు.

మామూలు తుంటి ఫ్రాక్చర్ అంటే తేలికైనదని ఎవరూ అనుకోవద్దు. నేను ఆవిడకి ఒళ్లు తుడిచినదాన్ని కాబట్టి చెప్తున్నాను.

వేదిక_నిర్వాహకులు

సభ్యులకు మనవి: ఇక్కడ చదివి ఎవరూ సొంతంగా మందు ఆపవద్దు, మొదలుపెట్టవద్దు. వాదన విషయం మీదే ఉంచండి.

న్యూజెర్సీ_నర్సు

నేను ఇక్కడ ఎముకల వార్డులో చాలాకాలంగా పనిచేస్తున్నాను, మాది ఏలూరు. విశాఖ_కోడలు గారి బాధ నాకు అర్థమైంది, తెనాలి_ఆడపడుచు గారి బాధా అర్థమైంది. ఇద్దరిదీ నిజమే. అందుకే ఏది ఎంత జరుగుతుందో చూద్దాం.

అలెండ్రోనేట్‌కి ఇక్కడ 1995లో అనుమతి వచ్చింది. పదేళ్లు గడిచాక అనుమానాలు మొదలయ్యాయి. 2005లో తొమ్మిది మంది రోగుల ఎముక ముక్కలు తీసి చూసిన ఒక పరిశోధన, ఎముక తనను తాను బాగుచేసుకోవడం దాదాపు ఆగిపోయిందని చెప్పింది. 2006లో అచ్చయిన ఒక కేసులో 59 ఏళ్ల ఆవిడ న్యూయార్క్ సబ్‌వే రైల్లో నిలబడి ఉంది, రైలు ఒక్క కుదుపు కుదపగానే తొడ విరిగింది. ఆ తర్వాత సింగపూర్ నుంచీ ఇలాంటి కేసుల వరస వచ్చింది. 2010 అక్టోబరులో ఇక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ మందుల కాగితాల్లో హెచ్చరిక చేర్పించింది. కొత్తగా తొడలోనో గజ్జలోనో నొప్పి వస్తే వెంటనే డాక్టరుకి చెప్పాలని అందులో ఉంది.

పెద్ద లెక్క 2020లో వచ్చింది. దక్షిణ కాలిఫోర్నియాలో కైసర్ పర్మనెంటే ఆసుపత్రుల్లో 50 దాటిన 1,96,129 మంది ఆడవాళ్ల రికార్డులు చూశారు. ఎటిపికల్ ఫ్రాక్చర్లు 277. మందు మొదలై మూడు నెలలు కూడా కానివాళ్లతో పోలిస్తే, మూడు నుంచి ఐదేళ్లు వాడినవాళ్లకి రిస్కు దాదాపు తొమ్మిది రెట్లు, ఎనిమిదేళ్లు దాటినవాళ్లకి నలభై రెట్లకు పైన. వినడానికి గుండె గుభేల్మంటుంది. కానీ నలభై రెట్లు అన్నది చాలా చిన్న సంఖ్యకి. అదే పరిశోధనలో ఇంకో లెక్క ఉంది. పది వేల మంది తెల్లజాతి ఆడవాళ్లు మూడేళ్లు మందు వాడితే 149 తుంటి ఫ్రాక్చర్లు తప్పుతాయి, ఈ వింత ఫ్రాక్చర్లు రెండు వస్తాయి. ఆసియా మూలాలున్న ఆడవాళ్లలో తప్పేవి 91, వచ్చేవి ఎనిమిది.

ఆ చివరి వాక్యం మనవాళ్లు రెండుసార్లు చదవాలి. లాభమే ఎక్కువ, అందులో సందేహం లేదు. కానీ తేడా అంత పెద్దది కాదు. ఆసియా అనే మాటలో చైనా, జపాన్, ఫిలిప్పీన్స్ వాళ్లంతా ఉన్నారు, అందుకని ఆ అంకెని నేరుగా తెలుగువాళ్లకి అతికించకూడదు. అయినా మన పెద్దవాళ్ల విషయంలో కొంచెం ఎక్కువ జాగ్రత్త పడటానికి అది చాలు.

మంచి కబురు కూడా అందులోనే ఉంది. మందు ఆపాక ఈ రిస్కు త్వరగానే పడిపోతుంది.

మందుల_షాపు_నెల్లూరు

నేను ఫార్మసిస్టుని. తెనాలి గారు "పాత చీటీ చూపిస్తే ఇచ్చేసేవారు" అన్నారు. అది మా వృత్తిలో నిజంగా ఉన్న జబ్బు. బీపీ మాత్ర, షుగరు మాత్ర జీవితాంతం కాబట్టి ఇదీ అంతే అనుకుంటారు. వారానికొకటే కదా, నెలకి నాలుగు మాత్రలు, ఎవరి కంటా పడదు. కొన్నవాళ్లూ మర్చిపోతారు, రాసిన డాక్టరూ మర్చిపోతారు.

మా షాపులో ఇప్పుడు ఈ మాత్ర తీసుకునేవాళ్లకి మొదలుపెట్టిన నెల, ఏడు డబ్బా మీద స్కెచ్ పెన్నుతో రాసి ఇస్తున్నాం. ఐదేళ్లు దాటితే కొత్త చీటీ తెమ్మంటున్నాం. కొందరు కోప్పడి పక్క షాపుకి వెళ్తారు. వెళ్లనీ.

వాడేవాళ్లు సరిగా వాడటం కూడా అవసరం. పొద్దున్నే పరగడుపున, గ్లాసు నిండా మంచినీళ్లతో. కాఫీతో కాదు, పాలతో అసలే కాదు. మింగాక అరగంట పడుకోకూడదు, ఏమీ తినకూడదు. లేదంటే మందు ఒంటికి పట్టదు, పైగా అన్నవాహిక పుండు పడుతుంది. పాలతో మింగి ఏళ్లకేళ్లు డబ్బు పారబోసినవాళ్లను చూశాను.

నల్గొండ_మాస్టారు

డాక్టరు గారికి ఒక ప్రశ్న. మాది ఫ్లోరైడ్ నీళ్లు తాగిన మండలం. మా అమ్మకి ఒళ్లంతా ఎముకల నొప్పులు, నడక బాతులాగ అయింది. పట్నంలో ఒకరు ఎముకలు గుల్లబారాయి, మాత్ర వాడమన్నారు. స్కాన్ లేదు, రక్తపరీక్ష లేదు. మొదలుపెట్టమంటారా?

ఎముకల_డాక్టరు_వరంగల్

మాస్టారూ, ఇంకా మొదలుపెట్టకండి. మీ ప్రాంతంలో ఇది తొందరపడే వ్యవహారం కాదు. ఫ్లోరోసిస్‌లో ఎముక చూడటానికి చిక్కగా, బరువుగా ఉంటుంది, స్కాన్‌లో అంకె బాగా కూడా రావచ్చు, కానీ లోపల పెళుసు. దానికి తోడు విటమిన్ డి లేక ఎముక మెత్తబడే జబ్బు, ఆస్టియోమలేషియా, మన దగ్గర ఎండ ఎంతున్నా తక్కువేం కాదు. ఒళ్లంతా నొప్పులు, ఆ నడక చూస్తే నాకు ముందు దాని మీదే అనుమానం. అందులోనూ తొడ ఎముకలో పగుళ్లలాంటి గీతలు వస్తాయి, ఎక్కువగా లోపలివైపు అంచున. మనం మాట్లాడుకుంటున్న గీత బయటివైపు వస్తుంది. విటమిన్ డి, కాల్షియం, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, క్రియాటినిన్, పారాథైరాయిడ్ హార్మోన్ చూపించండి. విటమిన్ డి అడుగంటి ఉన్నప్పుడు ఈ మందు పెడితే మేలు కంటే కీడు ఎక్కువ, రక్తంలో కాల్షియం పడిపోతుంది. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకీ ఇవి పనికిరావు.

ఈ పరీక్షలు లేకుండా నొప్పులన్నిటికీ ఎముకల మాత్ర రాయడం నాకు అస్సలు నచ్చని పని.

పల్లె_వైద్యం

విశాఖ_కోడలు గారూ, మీ అత్తయ్యగారి సంగతి చదివాక బాధేసింది. పారేయమని రాసిన వాక్యం తీసేయమని నిర్వాహకులకి చెప్పాను. కానీ రాగులు, నువ్వులు పనికిరావంటే మాత్రం ఒప్పుకోను.

ఎముకల_డాక్టరు_వరంగల్

పనికిరావని ఎవరన్నారండీ! వంద గ్రాముల రాగుల్లో 300 మి.గ్రా. పైన కాల్షియం ఉంటుంది, బియ్యంలో దానికి దరిదాపుల్లో కూడా లేదు. ఆ వయసువాళ్లకి రోజుకి వెయ్యి నుంచి 1200 మి.గ్రా. కావాలి. రాగి జావ, పెరుగు, నువ్వులు తినేవాళ్లకి మాత్రల రూపంలో వేయాల్సింది చాలా తగ్గుతుంది. నల్లేరు పచ్చడి రుచిగా ఉంటే తినండి. అయితే వెన్నుపూస కుంగినవాళ్లకి తిండి ఒక్కటే సరిపోదు, అక్కడ మందు కావాలి. ఏదో ఒకటే ఎంచుకోవాలన్న నియమం లేదు.

తెనాలి_ఆడపడుచు

మీరందరూ చెప్పినట్టే ఎడమ తొడ మొత్తానికి ఎక్స్‌రే తీయించాం. సర్జన్ గారు స్క్రీన్ మీద పెద్దది చేసి చూపించారు. బయటి అంచున, తుంటికి ఒక జానెడు కింద, డాక్టరు గారు రాసిన ఆ బుడిపె ఉంది. ఎమ్మారైలో ఆ చోటే వాపు, సన్నని పగులు. అమ్మని అడిగితే "ఎడమవైపూ కొంచెం లాగుతుందిలే, కుడిదే ఎక్కువని చెప్పలేదు" అంది.

ముందుజాగ్రత్తగా ఎడమ తొడలో కూడా రాడ్ వేద్దామంటున్నారు. ఇంకా విరగని ఎముకకి ఆపరేషన్ ఏమిటని నాన్న ఒప్పుకోవడం లేదు. మామయ్యలూ అదే మాట. నేనేం చెప్పాలి వాళ్లకి?

ఎముకల_డాక్టరు_వరంగల్

నొప్పి లేకుండా, పగులు చాలా చిన్నదైతే బరువు మోపకుండా కర్రలతో కొన్ని నెలలు కనిపెట్టుకుని ఉండొచ్చు. మీ అమ్మగారికి నొప్పి ఉంది, ఎమ్మారైలో వాపుంది. పైగా కుడికాలికి ఆపరేషన్ అయింది కాబట్టి ఒంటి బరువంతా ఇప్పుడు ఆ పగిలిన ఎడమ కాలి మీదే పడుతోంది. వాకర్ పట్టుకుని లేచే ప్రతిసారీ పడుతోంది. ఇలాంటప్పుడు ముందే రాడ్ వేయడం చాలామంది సర్జన్లు ఎంచుకునే దారి, నేనైనా అదే చెప్తాను. విరగని ఎముకలో రాడ్ వేస్తే చిన్న గాట్లతో అయిపోతుంది, సాధారణంగా త్వరగా నడిపించొచ్చు. విరిగాక వేసేది పెద్ద పని, నెత్తురు పోతుంది, అతకడం ఆలస్యం. నాన్నగారికి ఆ ఎక్స్‌రేలోని గీత చూపించమని మీ సర్జన్ గారిని అడగండి. కళ్లతో చూస్తే వేరుగా ఉంటుంది.

రాడ్ తుంటి నుంచి మోకాలి దాకా నిండు పొడవుది కావాలి. తొడ ఎముక విల్లులా వంగి ఉన్నవాళ్లకి రాడ్ సరిగా పట్టదు, దానికి కొలత ముందే చూసుకుంటారు. ఆ వంపు ఉన్నవాళ్లకే ఈ పగుళ్లు ఎక్కువ కూడా, ఎందుకంటే సాగుడు అంతా బయటి గోడ మీదే.

రోజూ తీసుకునే టెరిపారటైడ్ ఇంజెక్షన్ గురించి అడగండి. అది ఎముక కట్టడాన్ని పెంచే మందు, తవ్వడాన్ని ఆపేది కాదు. అందరికీ పనిచేస్తుందని చెప్పేంత రుజువు లేదు, ఖర్చూ ఎక్కువే. గతంలో ఎముకలకి రేడియేషన్ ఇచ్చినవాళ్లకి వద్దు. కానీ ఎముకలు గుల్లబారడానికీ ఏదో ఒక చికిత్స కావాలి, పాత మాత్రలు మళ్లీ వాడలేం కాబట్టి ఆ దారి ఆలోచించాల్సిందే.

గోదారి_గట్టు

నాన్నగారితో మా పెద్దమ్మ కొడుకు మాట్లాడతానంటున్నాడు, రెండో కాలు విరిగాక వాళ్లు పడ్డ పాట్లు ఆయనే చెప్తాడు. మీకు సరే అంటే నంబరు వ్యక్తిగత సందేశంలో పంపిస్తాను.

తెనాలి_ఆడపడుచు

తప్పకుండా పంపించండి అన్నయ్యా. మేలు మర్చిపోను.

హైదరాబాదీ_రిటైర్డు

నాకు 72. ఐబాండ్రోనేట్ నెలకొకటి, ఆరో ఏడు నడుస్తోంది. ఏ నొప్పీ లేదు. కీళ్లవాతానికి ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ కూడా ఉంది. ఆపాలా, కొనసాగించాలా? మందుకి కొన్నాళ్లు సెలవు ఇవ్వొచ్చు అంటారు కదా, ఆ లెక్క ఏమిటి?

న్యూజెర్సీ_నర్సు

బాబాయ్ గారూ, నోటిమాత్రలు ఐదేళ్లు, ఏడాదికోసారి ఎక్కించే జోలెడ్రోనిక్ అయితే మూడేళ్లు అయ్యాక ఒకసారి ఆగి మళ్లీ లెక్కచూడాలన్నది ఇప్పటి పద్ధతి. 2016లో నిపుణుల బృందం అదే చెప్పింది. ఎముకలో చేరిన మందు ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది కాబట్టి ఆపిన వెంటనే రక్షణ పోదు. ఐదేళ్లు అలెండ్రోనేట్ వాడిన 1,099 మందిని రెండు భాగాలు చేసి, సగానికి పైగా మందికి ఇంకో ఐదేళ్లు మందు, మిగతావారికి ఉత్తి మాత్ర ఇచ్చి చూశారు. వెన్ను కాక మిగతా ఫ్రాక్చర్లలో తేడా రాలేదు. నొప్పి తెలిసేలా కుంగిన వెన్నుపూసలు మాత్రం ఆపినవాళ్లలో 5.3 శాతం, కొనసాగించినవాళ్లలో 2.4 శాతం. అంటే రిస్కు తక్కువున్నవాళ్లకి సెలవు ఇవ్వొచ్చు. ఇంతకుముందు తుంటో వెన్నో విరిగినవాళ్లకీ, టి-స్కోరు ఇంకా మైనస్ 2.5 కిందున్నవాళ్లకీ అలా ఇవ్వలేం.

మీకు చిక్కు ఎక్కడంటే, ప్రెడ్నిసొలోన్ ఎముకని కొరికేస్తుంది, అందుకు మందు కావాలి. అదే ప్రెడ్నిసొలోన్ ఈ వింత ఫ్రాక్చర్ రిస్కునీ పెంచుతుంది. ఇది వేదికలో తేలేది కాదు. కొత్త స్కాన్ తీయించుకుని, మీ కీళ్ల డాక్టరునీ ఎముకల డాక్టరునీ ఒక్క మాట మీదకి తీసుకురండి. ఈలోగా తొడలో ఏ చిన్న లాగుడు వచ్చినా ఆ రోజే చెప్పండి. పళ్లు పీకించుకునే పనుంటే పళ్ల డాక్టరుకి కూడా ఈ మాత్ర సంగతి ముందే చెప్పాలి.

సిరిసిల్ల_తమ్ముడు

అక్కా, ఇదంతా చదివినంక నాకు వేరే భయం పట్టుకుంది. మా అమ్మకు మాత్రలు పడలేదని ఆరు నెలలకోసారి డెనోసుమాబ్ ఇంజెక్షన్ ఇప్పిస్తున్నాం. మొన్న వేయించాల్సింది. దీంతో కూడా తొడ విరుగుతదని తెలిసి, ఈసారి వద్దులే అని ఆపినం. గడువు దాటి రెండు వారాలైంది. మంచిదే చేసినమా?

న్యూజెర్సీ_నర్సు

తమ్ముడూ, రేపే ఆ డాక్టరుకి ఫోన్ చెయ్యి. ఈ ఇంజెక్షన్ మాత్రల్లాంటిది కాదు. ఎముకలో నిలవ ఉండదు. ఆపితే తవ్వే కణాలన్నీ ఒక్కసారి విజృంభిస్తాయి, పెరిగిన ఎముక కొద్ది నెలల్లోనే కరిగిపోతుంది. చివరి డోసు తర్వాత ఏడో నెల నుంచే వెన్నుపూసలు ఒకటికి మించి కుంగినవాళ్లున్నారని మందు కాగితంలోనే రాసి ఉంటుంది. తొడ విరగడం డెనోసుమాబ్‌తోనూ ఉంది, కానీ చాలా అరుదు. దానికి భయపడి దీన్ని కొనితెచ్చుకోకూడదు.

ఎముకల_డాక్టరు_వరంగల్

నర్సమ్మ గారు చెప్పింది అక్షరాలా నిజం. సిరిసిల్ల తమ్ముడూ, రెండు వారాలే కాబట్టి ఇంకా చెయ్యి దాటలేదు. అమ్మకి తొడలో, గజ్జలో నొప్పి ఉందా అని ముందు అడుగు. లేకపోతే రక్తంలో కాల్షియం, విటమిన్ డి చూపించి ఈ వారంలోనే డోసు వేయించు. నొప్పి ఉంటే ముందు రెండు తొడలకీ ఎక్స్‌రే, ఆ రిపోర్టు డాక్టరుకి చూపించాకే ఇంజెక్షన్ సంగతి. ఎప్పటికైనా ఈ ఇంజెక్షన్ ఆపాలనుకుంటే, దాని వెనకే జోలెడ్రోనిక్ గానీ అలెండ్రోనేట్ గానీ కొంతకాలం ఇచ్చి ఆపాలి, ఉత్తినే వదిలేయకూడదు. వచ్చే డోసు తేదీ ఇప్పుడే క్యాలెండరు మీద రాసిపెట్టు. వరంగల్ వచ్చే వీలుంటే పాత స్కాన్లు, ఇంజెక్షన్ వేసిన తేదీల కాగితం రెండూ తెచ్చుకో.

సిరిసిల్ల_తమ్ముడు

ఇప్పుడే అమ్మను అడిగిన సార్. తొడలో నొప్పేం లేదంటోంది, నడుములో మాత్రం ఎప్పటిలాగే ఉందంట. పొద్దున్నే రక్తపరీక్షకు తీసుకుపోతున్నా. నడుముకు కూడా ఎక్స్‌రే తీయించాలా?

ఎముకల_డాక్టరు_వరంగల్

తీయించు. పక్క నుంచి తీసినది, వీపు మధ్య భాగం కూడా వచ్చేలా.